పరికరము పలుకనప్పుడు

పూర్వము మన పల్లెలలో నూనె గానుగలు ఉండెడివి. గానుగకు కట్టిన ఎద్దు కండ్లకు గంతలు కట్టెడివారు. అది తెల్లవారినది మొదలు నడచుచునే ఉండును. ప్రొద్దు క్రుంకునప్పటికి కొన్ని క్రోసుల దూరము నడచియు బయలుదేరిన చోటనే నిలిచియుండును. అయినను దానికి ఒక అదృష్టము కలదు. గానుగవాడు ప్రక్కనే కూర్చుండి ఉండును. నువ్వులు నలిగినవని చూచి, ఎద్దును ఆపి, కాడి విప్పి, గడ్డి వేయును. ఆ గానుగవాడు లేని గానుగను ఊహించుకొన్నచో, మేము ఈ వ్యాసమున చెప్పదలచిన విషయము సగము అర్థమైనట్లే.

కంప్యూటరు చేయు పనులలో అధిక భాగము గానుగ పనియే. ఒకే పనిని మరల మరల చేయుటను లూపు అందురు. ప్రతి లూపునకు ఒక షరతు ఉండును. “బస్తాలో గింజలు ఉన్నంతవరకు తూచుచుండుము” అనునది అట్టి షరతు. గింజలు అయిపోయినంతనే లూపు ముగియును. ముగింపు ఎన్నటికిని రాని విధముగ షరతు వ్రాయబడినచో దానిని అనంత లూపు అందురు. మొదటి సంవత్సరపు ప్రయోగశాలలో ఇది తరచుగా కనబడు దృశ్యమే. తెరపై ఒకే అంకె వాన వలె కురియుచుండును. విద్యార్థి రెండు మీటలు కలిపి నొక్కును. వాన వెలియును. చుట్టునున్నవారు నవ్వుదురు. అంతటితో సరి.

అది సామాన్యమైన ప్రోగ్రాము కనుక నవ్వుకొనగలిగితిమి. అదే లూపు డ్రైవరు లోపల పడినచో రెండు మీటలు చాలవు, నవ్వును రాదు.

డ్రైవరు అనగానే హబ్సిగూడ కూడలిలో “ఉప్పల్, ఉప్పల్” అని కేకలు వేయు ఆటోవారు మనసున మెదలుట సహజము. కంప్యూటరు డ్రైవరునకు దుబాసీ అను పేరు ఇంతకంటె బాగుగా అతుకునని మా అభిప్రాయము. మా వంటి కళాశాలలో దుబాసీ అను మాటకు వివరణ అక్కరలేదు. ఉర్దూ నోటీసును తెలుగు మిత్రునికి, తెలుగు నోటీసును ఉర్దూ మిత్రునికి చదివి చెప్పని దినము మాకు లేదు. కంప్యూటరునకు తగిలించిన ప్రతి పరికరమునకును తనదైన భాష కలదు. ఆపరేటింగ్ సిస్టం రాజైనచో ప్రింటరు, గడియారపు చిప్పు, నెట్‌వర్కు కార్డు పరదేశముల నుండి వచ్చిన రాయబారులు. వారి మాటను రాజునకును, రాజు మాటను వారికిని చెప్పునది డ్రైవరు.

దుబాసీ దర్బారు లోపలనే కూర్చుండవలెను కదా. చిక్కంతయు అక్కడనే ఉన్నది. సామాన్యమైన ప్రోగ్రాములు కోట గుమ్మమునకు వెలుపల ఉండును. వానిలో ఒకటి దారి తప్పినచో భటులు దాని చేయి పట్టి లాగివేయుదురు. కెర్నెలు అనబడు లోపలి దర్బారులో డ్రైవరునకు రాజుతో సమానమైన అధికారము ఉండును. అతడు చేయి పైకెత్తి “ఉండుడు, రాయబారి ఇప్పుడే బదులు చెప్పబోవుచున్నాడు” అని నిలుచున్నచో దర్బారంతయు నిలిచిపోవలసినదే. అతనిని బయటకు పంపు భటుడు లేడు.

ఇట్లు నిలిచియుండవలసిన అవసరము డ్రైవరునకు నిత్యము కలుగును. లోపలి ప్రాసెసరు ఒక్క సెకండులో కోట్ల కొలది పనులు చేయును. వెలుపలి పరికరము దానితో పోల్చినచో నత్త వంటిది. మన నాచారమునకు ఉత్తరమున కొద్ది మైళ్ళ దూరములో 1967లో ఇ.సి.ఐ.ఎల్. సంస్థ వెలసినది. ఆ సంస్థ తయారుచేసిన టి.డి.సి. 12, టి.డి.సి. 312, టి.డి.సి. 316 అను కంప్యూటర్ల కాలములో చిల్లులు పొడిచిన కాగితపు పట్టీలను చదువు యంత్రములు ఉండెడివి. ఒక్కొక్క అక్షరము చదువబడువరకు కంప్యూటరు ఎదురుచూడవలసినదే. ఎదురుచూచుటకు రెండు మార్గములు కలవు. పరికరము పని ముగించి తానే గంట కొట్టి పిలుచుట ఒకటి. “సిద్ధమా? సిద్ధమా?” అని డ్రైవరే పలుమార్లు అడుగుట రెండవది. ఈ రెండవ దానిలో “ఎంతవరకు అడుగవలెను?” అను ప్రశ్న ఒకటి దాగియున్నది. పరికరము తప్పక పలుకునని నమ్మి, ఆ ప్రశ్నకు జవాబు వ్రాయక విడిచిపెట్టిన డ్రైవర్లు లోకమున చాలగా ఉన్నవి.

డ్రైవరులోని అనంత లూపునకు ప్రసిద్ధమైన ఉదాహరణము ఒక పాటల పెట్టె. మైక్రోసాఫ్ట్ సంస్థ 2006 నవంబరులో జూన్ అను పేరుతో జేబులో పట్టు పాటల యంత్రమును విడుదల చేసినది. అందులో 30 గిగాబైట్ల నమూనా ఒకటి. 2008 డిసెంబరు 31వ తేదీ తెల్లవారునప్పటికి ఆ నమూనాకు చెందిన యంత్రములన్నియు ఒకేసారి స్తంభించినవి. మీటలు నొక్కినను కదలిక లేదు. పాట లేదు. నూతన సంవత్సర వేడుకలకు సిద్ధపడుచున్నవారికి అది శకునము వలె తోచియుండును. సంస్థవారు చెప్పిన చికిత్స మిక్కిలి విచిత్రమైనది. బ్యాటరీ పూర్తిగా ఖాళీ అగునట్లు వదలివేసి, జనవరి 1వ తేదీన గ్రీన్విచ్ కాలమానము ప్రకారము మధ్యాహ్నము దాటిన తరువాత మరల ఛార్జి చేయుడనిరి. అనగా రేపు రానిండు, జబ్బు అదియే పోవును అనుట. ఏ వైద్యుడైనను ఇట్లు చెప్పినచో మనము వేరొక వైద్యుని వెదకుకొందుము. కాని ఇక్కడ ఆ సలహా అక్షరాల సరియైనదే.

కారణము గడియారపు డ్రైవరులో ఉన్నది. ఆ యంత్రములోని గడియారపు చిప్పు ఫ్రీస్కేల్ అను సంస్థది. దానితో మాటలాడు డ్రైవరు కూడ ఆ సంస్థ నుండి వచ్చినదే. ఆ చిప్పు నేడు ఏ సంవత్సరము, ఏ నెల అని చెప్పదు. 1980 జనవరి 1 మొదలు ఎన్ని దినములు గడచినవో అంకె మాత్రము చెప్పును. ఆ అంకెను సంవత్సరముగ మార్చుట డ్రైవరు పని. పద్ధతి సులభమైనదే. చేతిలోని దినములు 365 కంటె ఎక్కువగా ఉన్నంతవరకు లూపు తిరుగవలెను. సామాన్య సంవత్సరమైనచో 365 తీసివేసి, సంవత్సరమును ఒకటి పెంచవలెను. లీపు సంవత్సరమైనచో, చేతిలో 366 కంటె ఎక్కువ దినములు ఉన్నయెడల 366 తీసివేసి, సంవత్సరమును ఒకటి పెంచవలెను.

మేము ముగ్గురము దీనిని కాగితముపై వేసి చూచితిమి. పాఠకులును ఒక పెన్సిలు తీసికొని చూడవచ్చును. 1980 జనవరి 1ని మొదటి దినముగా లెక్కించినచో 2008 డిసెంబరు 31 అనునది 10593వ దినము. 1980 మొదలు 2007 వరకు గల 28 సంవత్సరములకు, వానిలోని ఏడు లీపు సంవత్సరములతో కలిపి, 10227 దినములు పోవును. మిగిలినవి 366. ఇప్పుడు లూపు తలుపు తట్టుదము. 366 అనునది 365 కంటె ఎక్కువా? అవును, లోపలికి రమ్ము. 2008 లీపు సంవత్సరమా? అవును. 366 అనునది 366 కంటె ఎక్కువా? కాదు. కాదు అయినచో ఏమి చేయవలెను? అక్కడ ఏమియు వ్రాయబడలేదు. తీసివేత లేదు, కూడిక లేదు, బయటకు దారి లేదు. మరల మొదటికి. 366 అనునది 365 కంటె ఎక్కువా? అవును. గానుగ మొదలైనది. మరునాడు అంకె 367 అగును, 366 తీసివేయబడును, ఒకటి మిగులును, ఎద్దు నిలుచును. “రేపటికి పోవును” అను చికిత్స మర్మము ఇదియే.

మాకు ఇందులో అన్నిటికంటె ఆశ్చర్యము కలిగించినది ఒక కాలపు లెక్క. ఆ యంత్రము 2006 చివర పుట్టినది. 2006లోను, 2007లోను డిసెంబరు 31 సుఖముగా గడచిపోయినది. అవి లీపు సంవత్సరములు కావు. తాను చూచిన మొదటి లీపు సంవత్సరపు కడపటి దినముననే అది పడిపోయినది. అంతవరకు వేయి పర్యాయములు పరీక్షించినను ఉత్తీర్ణమయ్యెడిది. పరీక్షించువారికి ఆ ఒక్క తేదీని పెట్టి చూడవలెనని తట్టలేదు. “యంత్రము ఇన్ని దినములు చక్కగా పనిచేసినది కదా” అను మాట ఎంత బలహీనమైన సాక్ష్యమో దీనివలన తెలియును. ఈ మాట మాకు మరల అవసరము కానున్నది.

ఇట్టి లూపులను కనిపెట్టు మరొక ప్రోగ్రామును వ్రాసినచో సరిపోదా అని కొందరు మిత్రులు అడిగిరి. కొన్నిటిని కనిపెట్టవచ్చును. అన్నిటిని కనిపెట్టుట సాధ్యము కాదు. ఏ ప్రోగ్రామునైనను చేతికిచ్చినచో అది ముగియునో ముగియదో తప్పక చెప్పగల సార్వత్రిక పద్ధతి ఉండజాలదని అలాన్ ట్యూరింగ్ 1936లోనే, అనగా నేటి కంప్యూటర్లు పుట్టకమునుపే, గణితము చేత నిరూపించెను. కావున ముగింపును వ్రాయువాడే వ్రాయవలెను.

పాటల పెట్టె సంగతి కేవలము ప్రమాదము. దాని వెనుక శత్రువు ఎవడును లేడు. లూపు ముగింపు బయటివాని చేతిలో ఉన్నప్పుడు మాత్రము సంగతి వేరు. లోపమును బయటివాడు ఎరిగి, కావలసినప్పుడు ఉపయోగించుకొనగలిగినచో దానిని భద్రతా లోపముగా నమోదు చేయుదురు. లినక్స్ కెర్నెలులోని వీహోస్ట్ నెట్ అను భాగమున బయటపడినది అట్టిది. సి.వి.ఇ. 2019-3900 అను సంఖ్యతో అది నమోదైనది. ఒక పెద్ద కంప్యూటరు లోపల అనేక చిన్న కంప్యూటర్లు ఉన్నట్లు నడుపు పద్ధతి నేడు సర్వత్ర కలదు. పెద్దదానిని ఆతిథేయి అనియు, చిన్నదానిని అతిథి అనియు అందురు. అతిథికి వచ్చు సమాచారపు పొట్లములను అందించు డ్రైవరు, పొట్లములు వచ్చుచున్నంతవరకు అందించుచునే ఉండెడిది. ఒక చివర నుండి పంపు వేగము మరొక చివర తీసికొను వేగము కంటె హెచ్చినచో లూపునకు ముగింపు లేదు. దావత్‌లో ఒక బంతివారు “ఇంకను తెమ్ము, ఇంకను తెమ్ము” అనుచున్నచో వడ్డించువాడు రెండవ బంతికి ఎన్నడు పోవును? అతిథి దురుద్దేశము గలవాడైనచో ఆతిథేయిని ఇట్లు నిలువునా కట్టివేయవచ్చును. దిద్దుబాటు చాల చిన్నది. ఒక విడతలో ఇన్ని పొట్లములు మాత్రమే అందించి, తక్కిన పనులకు అవకాశమిచ్చి, తరువాత మరల రావలెనని పరిమితి విధించిరి. వడ్డించువానికి బంతుల క్రమము నేర్పిరి అన్నమాట.

మన నగరమునకు ఇట్టి ఆపద పెద్దయెత్తున తగిలిన దినము 2024 జూలై 19, శుక్రవారము. ఆనాటి లోపము లోపలి లూపు కాదు. డ్రైవరు తిరుగుచు నిలువలేదు, కూలిపోయినది. అయినను ఆ కూలుట నుండి మరియొక గానుగ బయలుదేరినది. క్రౌడ్‌స్ట్రైక్ అను సంస్థ దుష్ట ప్రోగ్రాముల నుండి కంప్యూటర్లను కాపాడు కావలి డ్రైవరును విండోస్ యంత్రములకు అందించును. యంత్రము మేల్కొనునప్పుడు అన్నిటికంటె ముందుగా మేల్కొనువానిలో ఆ కావలి ఒకటి. ఆ దినమున మన కాలమానము ప్రకారము ఉదయము 9 గంటల 39 నిమిషములకు 291 సంఖ్య గల ఒక చిన్న దత్తాంశపు ఫైలు లోకమంతటికి పంపబడినది. అందులో 21వ అంశమును చూడుమని ఉన్నది. డ్రైవరునకు అందినవి 20 అంశములే. లేని 21వ దానికై అది తనది కాని జ్ఞాపకస్థలములో చేయి పెట్టినది, కూలినది, తనతోపాటు యంత్రమునంతటిని కూల్చినది. యంత్రము మరల మేల్కొనును, కావలి మేల్కొనును, అదే ఫైలును చదువును, మరల కూలును. లేచుట, పడుట, లేచుట, పడుట.

సంస్థవారు 78 నిమిషములలో, 10 గంటల 57 నిమిషములకు ఆ ఫైలును ఉపసంహరించిరి. కాని అప్పటికే గానుగకు కట్టబడిన యంత్రములకు ఆ కబురు చేరు మార్గము లేదు. కబురు చేరవలెనన్నచో యంత్రము కొంతసేపు మెలకువగా ఉండవలెను కదా. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారము 85 లక్షల యంత్రములు ఇట్లు చిక్కుకొన్నవి. లోకములోని విండోస్ యంత్రములలో ఇది నూటికి ఒకటి కూడ కాదు. ఆ ఒకటి కూడనిదే విమానాశ్రయములను, బ్యాంకులను, ఆసుపత్రులను తడబడజేసినది. నిపుణులు ఒక్కొక్క యంత్రము ముందు కూర్చుండి, దానిని రక్షిత పద్ధతిలో మేల్కొలిపి, ఆ ఫైలును చేతితో తుడిచివేయవలసి వచ్చినది. దూరమున నడుపబడు కొన్ని యంత్రములను పదునైదు పర్యాయముల వరకు ఆర్పి వెలిగించినచో ఏదో ఒక పర్యాయము కూలుటకు ముందే కొత్త ఫైలు అందవచ్చునని కూడ మైక్రోసాఫ్ట్‌వారు చెప్పిరి. పరుగుపందెము వంటి చికిత్స! ఆనాడు ఆ సంస్థకు అధిపతి మన బేగంపేట పబ్లిక్ స్కూలులో చదువుకొన్న సత్య నాదెళ్ల. లోపము ఆయన సంస్థ వ్రాసిన డ్రైవరులోనిది కాదు. దర్బారులో ఇతరుల దుబాసీలకు చోటు ఇచ్చిన రాజు పరువు కూడ దుబాసీతోపాటు పోవునని ఆ దినమున తెలిసినది.

శంషాబాదులోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయమున ఆనాడు ప్రయాణికులకు చేతితో వ్రాసిన బోర్డింగు పాసులు ఇచ్చిరి. హైదరాబాదు నుండి కలకత్తా పోవు ఇండిగో ప్రయాణికుని చేతివ్రాత పాసు ఛాయాచిత్రము దేశమంతటను పత్రికలలో వచ్చినది. పేరు, విమానపు సంఖ్య, తేదీ, కూర్చుండు స్థానము అన్నియు కలముతో వ్రాసినవే. అనేకులు దానిని చూచి నవ్విరి. మేము నవ్వలేకపోతిమి. కంప్యూటరు పలుకనప్పుడు కలము తీసికొని వ్రాయవచ్చునని నిర్ణయించిన ఉద్యోగి ఎవరో గాని, ఆ దినమున అందరికంటె తెలివైనవారు వారే. వ్రాయుటకు వారికి అధికారము కలదు. వ్రాసినదానిని ఒప్పుకొనుటకు పైవారు సిద్ధముగా ఉండిరి. ఈ రెండును లేనిచో ఆ కాగితపు ముక్కకు విలువ లేదు.

మా కళాశాల కార్యాలయములోని హాజరు యంత్రమును గూర్చి చెప్పుటకే మేము ఇంత దూరము వచ్చితిమి. వ్రేలిముద్రను చదువు ఆ పెట్టె గుమ్మము వద్ద గోడకు బిగింపబడియున్నది. దాని తీగ కార్యాలయములోని లినక్స్ కంప్యూటరు లోపల ఒక చిన్న కార్డునకు కలుపబడినది. ఉదయము తొమ్మిది గంటలకు వచ్చి వ్రేలు పెట్టినచో హాజరు, లేనిచో లేదు. ప్రభుత్వ ఉపకార వేతనమునకు నూటికి 75 హాజరు ఉండవలెనన్న నియమము అందరికిని తెలిసినదే. హాల్ టికెట్టునకును అంతే. బోడుప్పల్ నుండి, నాచారము నుండి, రామంతాపూర్ నుండి రెండు బస్సులు మారి వచ్చువారికి ఆ వ్రేలిముద్ర ఎంత విలువైనదో వ్రాయనక్కరలేదు.

గడచిన ఫిబ్రవరి, మార్చి నెలలలో తొమ్మిది దినములు ఆ యంత్రము ఉదయము పూట నిలిచిపోయినది. వరుస మెట్లు దిగి సైకిలు స్టాండు వరకు పోయెడిది. కార్యాలయపు పెద్ద గుమాస్తాగారిని మాలో ఉర్దూవారు చాచా అనియు, తెలుగువారు బాబాయిగారనియు పిలుతురు. “బాబూ, అది మరల అలిగినది. మీరు తరగతులకు పొండి, తరువాత చూతము” అని ఆయన చెప్పెడివారు. తరువాత చూచుట జరిగెడిది కాదు. మధ్యాహ్నము యంత్రమును ఆర్పి వెలిగించినచో చక్కగా పనిచేసెడిది. దానిని అమ్మినవారి మనిషి రెండు పర్యాయములు వచ్చి, చూచి, “బాగుగానే ఉన్నది కదా” అని పోయినాడు. అమ్మినవారి పేరు ఇక్కడ అనవసరము.

మా విభాగాధిపతిగారు అనుమతి తీసికొని ఆ కంప్యూటరు దినచర్యను మా ముగ్గురికి చూపిరి. లినక్స్ కెర్నెలులో ఒక కావలి ఉండును. ప్రాసెసరులోని ఏ భాగమైనను ఇరువది సెకండ్లకు మించి ఒకే చోట తిరుగుచున్నచో అది దినచర్యలో ఒక పంక్తి వ్రాయును. “సాఫ్ట్ లాకప్, ఒకటవ ప్రాసెసరు 22 సెకండ్లుగా చిక్కుకొన్నది” అను పంక్తి ఆ తొమ్మిది దినములలోను ఉన్నది. ఎనిమిది దినములు తొమ్మిది గంటలు దాటిన కొద్ది నిమిషములకే, ఒక దినము తొమ్మిదికి ముందే. ప్రతి పంక్తి క్రిందను చిక్కుకొన్న డ్రైవరు పేరు వ్రాయబడియున్నది. అది హాజరు పెట్టె డ్రైవరే.

దాని మూలము కంప్యూటరులోనే ఉన్నది. చదివితిమి. వ్రేలు పెట్టగానే డ్రైవరు ఒక తాళము వేసికొని, “సిద్ధమా?” అని పెట్టెను అడుగును. సిద్ధమని బదులు వచ్చువరకు అడుగుచునే ఉండును. ఎంతవరకు అన్న మాట ఎక్కడను లేదు. ఉదయము కార్యాలయమున విద్యుత్తు పోయి జనరేటరునకు మారునప్పుడు గోడమీది పెట్టె ఒక్క క్షణము ఆరి వెలుగును. వెలిగిన తరువాత, డ్రైవరు “మేలుకొనుము” అని మొదటి ఆజ్ఞ ఇచ్చువరకు పెట్టె పలుకదు. పెట్టె పలుకువరకు డ్రైవరు ఏ ఆజ్ఞయు ఇయ్యదు. లక్నో నవాబులిద్దరు రైలు పెట్టె ముందు నిలిచి “పహ్లే ఆప్, పహ్లే ఆప్” అనుచుండగా రైలు వెళ్ళిపోయిన కథ మా ఉర్దూ మిత్రులకు చెప్పనక్కరలేదు. ఇక్కడ వెళ్ళిపోయిన రైలు మా హాజరు. తాళము డ్రైవరు చేతిలోనే ఉండుటచేత హాజరు ప్రోగ్రాము కూడ దాని వెనుక నిలిచిపోయెడిది. దానిని చంపివేయుదమన్నను చావదు. మధ్యాహ్నము వచ్చి చూచిన మనిషికి పెట్టె, కంప్యూటరు రెండును అప్పుడే మేలుకొని మర్యాదగా మాటలాడుకొనుచు కనబడెడివి. జూన్ పాటల పెట్టెను పరీక్షించినవారికి తగని తేదీ దొరకినట్లే ఇతనికి తగని వేళ దొరకినది.

దిద్దుబాటునకు కొద్ది పంక్తులే పట్టినవి. ఇంతసేపు మాత్రమే అడుగుము అని పరిమితితో ఎదురుచూచు సాధనము లినక్స్ కెర్నెలులో సిద్ధముగానే ఉన్నది. రెండు సెకండ్లు అడుగును, పలుకనిచో “మేలుకొనుము” అని మరల మొదటి ఆజ్ఞ ఇచ్చును. అప్పటికిని పలుకనిచో తాళము విడిచిపెట్టి, తెరపై “పెట్టె పలుకుట లేదు” అని వ్రాయును. ప్రయోగశాలలో విభాగాధిపతిగారి సమక్షమున నలువది పర్యాయములు పెట్టె తీగను లాగి పెట్టి చూచితిమి. నలువది పర్యాయములును కంప్యూటరు నిలిచిపోలేదు. ఇది గొప్ప పని అని మేము అనుకొనుట లేదు. డ్రైవరు వ్రాయువారికి ఇది మొదటి పాఠము కావలసినది.

డ్రైవరు బాగుపడినది. ఆ తొమ్మిది దినములు బాగుపడలేదు. మా తరగతి సోదరి ఒకామె బోడుప్పల్ నుండి వచ్చును. తల్లి కుట్టుపని చేసి చదివించుచున్నది. ఈ అర్ధ సంవత్సరమున పని దినములు 90. నూటికి 75 అనగా 68 దినములు కావలెను. యంత్రము లెక్కలో ఆమెకు 64 ఉన్నవి. నిలిచిపోయిన తొమ్మిది దినములలో ఎనిమిదింట ఆమె తరగతిలో మా ప్రక్క బల్లపైనే కూర్చున్నది. అవి కలిపినచో 72 అగును. ఇట్టివారు మా ఒక్క తరగతిలోనే ఐదుగురు ఉన్నారు. యంత్రము వచ్చిన తరువాత కొందరు ఉపన్యాసకులు చేతి పట్టీలను వ్రాయుట మానిరి. ఉర్దూ ఉపన్యాసకులు ఒకరు, గణితపు ఉపన్యాసకులు ఒకరు మాత్రము పాత అలవాటు చొప్పున ప్రతిదినము పేర్లు పిలిచి టిక్కు పెట్టుచునే ఉండిరి. ఆ రెండు పట్టీలలో ఆమె పేరు ఎదుట ఆ ఎనిమిది దినములలోను టిక్కు ఉన్నది.

యంత్రము చెప్పినదే తుది మాట అను వాదము కార్యాలయమున విన్నాము. అది మాకు సమ్మతము కాదు. “ఇంతకు ముందు ఎన్నడును ఇట్లు జరుగలేదు” అను మాటయు విన్నాము. 2008 డిసెంబరు 30వ తేదీన ఆ పాటల పెట్టెను గూర్చి కూడ అట్లే చెప్పియుందురు. హాజరు యంత్రమే తాను పలుకని వేళలను తేదీతో, నిమిషముతో వ్రాసి ఉంచినది. దాని సాక్ష్యమును 64 దినముల విషయమున నమ్మి, ఈ తొమ్మిది దినముల విషయమున నమ్మకుండుట న్యాయము కాదని పెద్దలకు మనవి చేయుచున్నాము.

దినచర్యలోని తొమ్మిది పంక్తులను, రెండు చేతి పట్టీల నకళ్ళను జతపరచి ఐదుగురును విడివిడిగా దరఖాస్తులు పెట్టుకొన్నారు. పెద్ద గుమాస్తాగారు ఇప్పుడు బల్లపై ఒక పొడవాటి రిజిస్టరును, దారముతో కట్టిన పెన్నును ఉంచిరి. తెరపై “పెట్టె పలుకుట లేదు” అని కనబడినచో విద్యార్థులు అందులో సంతకము చేయవచ్చును. ఆ సంతకము హాజరుగా చెల్లునా అను ప్రశ్నను కూడ దరఖాస్తులతోపాటు సంఘము వారికి పంపితిమి. ఈ సంచిక అచ్చునకు పోవునాటికి అవి సంఘము వారి బల్లపై ఉన్నవి. హాల్ టికెట్లు ఇచ్చు తేదీ నోటీసు బోర్డుపై పెట్టబడినది.